పదమూడో మూలం

కడప,
12 జులై 2011

మామూజాన్‌కు,
అస్సలాము అలైకుం.

మీ చెవికి ఫోను పనికిరాదని తెలిసీ మొన్న రెండుసార్లు చేశాను. రెండుసార్లూ "రాంగ్ నంబర్" అని కసిరి పెట్టేశారు. అందుకే ఉత్తరం. మేమంతా బాగున్నాం. సనా ఆరో తరగతికి వచ్చింది. మా కాలేజీ లైబ్రరీకి కొత్త బీరువాలు ఇచ్చారు, వాటిలో పెట్టడానికి పుస్తకాలు మాత్రం ఇవ్వలేదు.

ఒక పని పడింది. నెట్‌లో ఒక విజ్ఞాన సర్వస్వం ఉందని, అందులో ఎవరైనా రాయవచ్చని, ఎవరైనా దిద్దవచ్చని పోయినసారి మేడ్చల్ వచ్చినప్పుడు చెప్పాను. "పదిమంది చేతులు పెట్టిన గిన్నెలో ఎవరు తింటారు?" అని నవ్వారు మీరు. ఆ భయంతోనే మేము మూలాలు అడుగుతాం. వాక్యం చివర ఒక అంకె, ఆ అంకె దగ్గర ఆ సంగతి ఎక్కడి నుంచి తెచ్చారో ఉండాలి. ఒక వ్యాసాన్ని మొదటి పేజీలో పెట్టేముందు ఎవరో ఒకరు కూర్చుని ఆ మూలాలు నిజంగా ఉన్నాయా, ఉన్నవి ఆ మాటే చెబుతున్నాయా అని సరిచూడాలి. ఈసారి ఆ సమీక్ష నా మీద పడింది. వ్యాసం పేరు "ఎర్రకత్వ గ్రామ చరిత్ర". మన షామీర్‌పేట పక్కనున్న ఎర్రకత్వే!

అచ్చు తీసి పంపుతున్నాను. ఇరవై రెండు మూలాలు చూపించారు. ఆరోది చెరువు అభివృద్ధి కమిటీ వేసిన కరపత్రం. దాన్ని తెప్పించి చూస్తే ఈ వ్యాసంలో పేరాలే, అచ్చుతప్పులతో సహా. అంటే కరపత్రం వ్యాసం నుంచి ఎత్తి రాసింది, వ్యాసమేమో తనకు మూలం ఆ కరపత్రమే అంటోంది. ఒకడి అబద్ధానికి ఇంకొకడు సాక్షి. చదువుతుంటే అసహ్యం వేస్తోంది.

మీరు ముప్పై ఏళ్ళు తాలూకా కచేరీలో నకల్‌నవీసుగా పాత ఉర్దూ దస్తావేజులు తెలుగులోకి దించినవారు. ఎర్రకత్వ మీకు దగ్గరే. దయచేసి వ్యాసం చదివి, ఏది నిజమో ఏది కాదో పక్కన రాసి పంపండి.

మీ మోకాళ్ళకు తైలం వేరే పార్శిల్లో పంపాను.

మీ
నిఖత్

* * *

మేడ్చల్,
24 జులై 2011

నిఖత్ బేటీకి దువాలు.

తైలం అందింది. వాసన గుర్రపుశాలలా ఉంది. రాస్తున్నాను.

నీ వ్యాసం చదివాను. ఛీ, చదివాక చేతులు కడుక్కున్నాను. ఎర్రకత్వలో "పన్నెండవ శతాబ్దపు శిలాశాసనం" ఉందట. ఆదివారం పనిగట్టుకుని బస్సెక్కి వెళ్ళి చూశాను. అది నైజాం కాలంలో సడక్ పక్కన పాతిన ఫర్లాంగు రాయి. మీద ఉర్దూలో మూడు అంకె వేసి ఉంది. దానికి ఎవరో పసుపు పూసి, బొట్లు పెట్టి, చుట్టూ గ్రిల్లు కట్టారు. "గిది ఫర్లాంగు రాయి రా నాయినా" అని అక్కడున్న పెద్దమనిషికి చెబితే, "నెట్టుల శాసనమని ఉన్నది, నువ్వేంది సాబ్ గట్లంటవు" అని నన్నే కోప్పడ్డాడు.

ఆ దారి నువ్వు చూడలేదు ఈమధ్య. ద్రాక్షతోటలు పోయాయి. ఎటు చూసినా వెంచర్ల జెండాలు, కడ్డీలు. షామీర్‌పేట చెరువు గట్టున సెలవురోజు కాలు పెడితే సీసాపెంకు దిగుతుంది. చరిత్ర కూడా అట్లాగే అయింది, వచ్చినవాడు తిని పారేసి పోతున్నాడు.

అన్నిటికన్నా నీచమైన అబద్ధం నాలుగో పేజీలో ఉంది. ఫసలీ 1350లో, అంటే మీ లెక్కన 1941లో, ముసురుకు ఎర్రకత్వ చెరువు తెగబోతే పట్వారీ జానకిరామయ్య తూములో దిగి కట్టను కాపాడాడట! ఆయన పెళ్ళిలో తప్ప నీళ్ళలో కాళ్ళు పెట్టిన మనిషి కాదు. ఆ పని చేసినవాడు నీరడి సత్తయ్య. నీరడి అంటే తూము తెరిచి మూసి మళ్ళకు నీళ్ళు పంచే మనిషి. తూము తలుపు విరిగి నీళ్ళు కట్టను లోపలి నుంచి తింటుంటే, సత్తయ్య గడ్డిమూటలు నడుముకు కట్టుకుని దిగాడు. తూము మూసుకుంది. అతను పైకి రాలేదు. మూడోనాడు శవం దొరికింది. అప్పుడు నాకు రెండేళ్ళు, మా అబ్బా ఆ కట్టకు మట్టి మోసినవాళ్ళలో ఒకడు, చనిపోయేదాకా చెప్పేవాడు. సత్తయ్య కూతురు పెంటమ్మ ఇప్పటికీ బతికే ఉంది.

ఇప్పుడు ఆ కట్ట మీద జానకిరామయ్య పేరుతో ఆర్చి కడుతున్నారు. ఈ వ్యాసం రాసినవాడెవడో పట్వారీ మనవళ్ళకు అమ్ముడుపోయిన మనిషి. సందేహం లేదు. వాణ్ణి వదలకు.

అమీర్ అలీ

* * *

కడప,
8 ఆగస్టు 2011

మామూజాన్‌కు, సలాం.

మీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. ఫర్లాంగు రాయి సంగతి సనాకు చెబితే పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సమీక్ష పేజీలో రాసేశాను. శాసనం తప్పు, కరపత్రం చెల్లదు, చెరువు కథ కల్పన అని. రాసినవాడు "నీటిచుక్క" అనే మారుపేరు పెట్టుకున్నాడు. మీరు అన్న మాటే కాస్త మర్యాదగా అన్నాను: "ఈ వ్యాసకర్త ఒక కుటుంబం తరఫున రాస్తున్నట్టు అనుమానం." అక్కడ అలా అనడం చాలా పెద్ద నింద. అయినా అన్నాను. మీరు అంత గట్టిగా చెప్పాక నాకు జంకు ఎందుకు?

ఆయన శాసనం మాట వెంటనే ఒప్పుకుని తీసేశాడు. కరపత్రాన్నీ తీసేశాడు. చెరువు కథ మాత్రం తీయనంటున్నాడు. దానికి పదమూడో మూలం ఉందంటాడు. "ఫసలీ 1350 చెరువు పంచనామా, తాలూకా కచేరీ ధ్రువీకరించిన తెలుగు నకలు, 1983" అని ఉంది చూడండి. మీరు పక్కన రాసిన గుర్తులు అన్నిటి మీదా ఉన్నాయి కానీ పదమూడు మీద ఏమీ రాయలేదు. తప్పిపోయి ఉంటుంది.

1983లో మీరు అక్కడే ఉన్నారు కదా! ఆ నకలు ఎవరు చేశారో, అసలు దస్తావేజు ఇప్పుడు ఎక్కడుందో కనుక్కోగలరా? అదొక్కటీ పడిపోతే ఆ కథ పడిపోతుంది.

రంజాన్ రోజాలు మొదలయ్యాయి. ఈ వయసులో అన్నీ ఉండాలని పట్టుబట్టకండి.

నిఖత్

* * *

మేడ్చల్,
25 ఆగస్టు 2011

బేటీ,

రోజాలు అన్నీ ఉంటున్నాను. నువ్వు నాకు వయసు గుర్తు చేయనక్కరలేదు.

పదమూడో మూలం గురించి. పాత రికార్డులు చెదలు పట్టి పోయాయి. కచేరీ రెండుసార్లు ఇల్లు మారింది. తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు బస్తాల్లో కుక్కి లారీ మీద విసిరారు. అందులో ఒక కాగితం వెతకమంటే గడ్డివాములో సూది వెతకమన్నట్టే. నకళ్ళు ఆ రోజుల్లో ఎన్నో చేసేవాళ్ళం. ఎవడు అడిగితే వాడికి. నకలు అంటే నకలే, అందులో ఎన్ని జరుగుతాయో నీకు తెలియదు. ఆ పదమూడును పట్టుకుని వేలాడకు. మిగతా ఇరవై ఒకటి చూసుకో.

అసలు నాకు అర్థం కాదు, ఈ పనికి నీకు ఎవరూ జీతం ఇవ్వరు కదా! ముక్కూ మొహం తెలియనివాళ్ళతో నెట్‌లో కొట్లాడటం ఆడపిల్లకు ఏం గౌరవం? వదిలేయ్. వాళ్ళ ఊరు, వాళ్ళ పట్వారీ, వాళ్ళ ఆర్చి.

పండక్కి సనాకు గాజులు కొని పంపుతాను, కొలత రాయి.

అమీర్ అలీ

* * *

కడప,
11 సెప్టెంబరు 2011

మామూజాన్‌కు,

ఈద్ ముబారక్ ఆలస్యంగా చెబుతున్నాను. గాజులు వద్దు.

మీ ఉత్తరంలో "నకలులో ఎన్ని జరుగుతాయో నీకు తెలియదు" అన్న మాటను నేను ఇంకోలా అర్థం చేసుకున్నాను. ఆ నకలు దొంగదని, చెప్పడానికి మీరు భయపడుతున్నారని అనుకున్నాను. వద్దన్నకొద్దీ నాకు పట్టుదల పెరిగింది. సమీక్ష పేజీలో రాశాను: "పదమూడో మూలం సృష్టించిన పత్రమని నమ్మదగిన వ్యక్తి ద్వారా తెలిసింది." నమ్మదగిన వ్యక్తి. ఈ మాట నేనే రాశాను.

మూడు రోజులకు ఆయన ఆ నకలు ఫొటో పెట్టాడు. పేరు కూడా చెప్పుకున్నాడు. సిద్దిరాములు, పేట్ బషీరాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాడట. ఎవరికీ అమ్ముడుపోలేదు. చెరువు కమిటీ వాళ్ళ దగ్గర ఈ కాగితం చూసి, సర్కారు ముద్ర ఉంది కాబట్టి నమ్మాడు. కింద ఒక్క వాక్యం రాశాడు: "మేడమ్, ఇది దొంగ పత్రమైతే ఈ సంతకం ఎవరిదో మీరే చెప్పండి."

ఫొటోను పెద్దది చేసి చూశాను. "అసలుతో సరిచూడబడినది." కింద మీ సంతకం. చదవడానికి కూడా అక్కరలేకపోయింది. ఆ చేతిరాత చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. 'లీ' గుడిదీర్ఘం అట్లా పక్కకు విరిచేవాళ్ళు మీరు కాక ఇంకెవరూ లేరు.

ఆ నకలులో ఇలా ఉంది: "కట్ట తెగునట్లున్నదని పట్వారీ జానకిరామయ్యకు ఖబరు పంపడమైనది. గడ్డిమూటలతో తూములో దిగి, మూసి, కట్టను నిలిపినాడు. ఇందుకు గుర్తింపుగా అతని కుటుంబానికి చెరువు కింద రెండెకరాలు ఇనాముగా ఇవ్వడమైనది." తూములో దిగినవాడి పేరు లేదు. ముందు వాక్యంలో ఉన్న పేరే చదివేవాడి నోటికి వస్తుంది. ఒక పెద్దమనిషికి ఖబరు పంపితే ఆయన గడ్డిమూటలు కట్టుకుని దిగుతాడా? తెలుగు తెలిసినవాళ్ళు ఇలా రాయరు, మామూజాన్. మీకు తెలుగు బాగా తెలుసు.

నూటయాభై మంది చూసే పేజీలో ఒక మంచి మనిషిని నేను అమ్ముడుపోయినవాడిని చేశాను. క్షమాపణ రాయడానికి కూర్చున్నాను. మీరు చెప్పేదాకా ఏమని రాయను?

ఏం జరిగింది?

నిఖత్

* * *

మేడ్చల్,
2 అక్టోబరు 2011

నిఖత్‌కు,

తెలంగాణ సమ్మె మూలంగా బస్సులు లేవు, బడులు లేవు, కచేరీలు లేవు. ఇల్లు కదలనక్కరలేదు. అయినా నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

నీ మొదటి కవరు విప్పిన నాడే పదమూడో మూలం చూశాను. గుర్తు పెట్టడం తప్పిపోలేదు. ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. అందుకే ఫర్లాంగు రాయి మీద అంత అరిచాను, రాసినవాణ్ణి అన్ని తిట్లు తిట్టాను. అది నా మీద నాకు కలిగిన రోత.

అసలు పంచనామాలో ఇలా ఉంది. నాకు కంఠస్థం.

"కట్ట తెగునట్లున్నదని పట్వారీ జానకిరామయ్యకు ఖబరు పంపడమైనది. అతడు రాలేదు. నీరడి సత్తయ్య వల్ద్ (తండ్రి) ముత్తయ్య గడ్డిమూటలతో తూములో దిగి, మూసి, కట్టను నిలిపినాడు. తూములోనే ప్రాణము విడిచినాడు, మూడవ నాడు శవము దొరికినది. ఇందుకు గుర్తింపుగా అతని కుటుంబానికి..."

నేను దించనివి రెండే వరసలు. ఒక్క అక్షరం కొత్తగా కలపలేదు. కలిపితే అబద్ధమవుతుందని, వదిలితే కాదని అప్పట్లో నాకు నేనే ఫత్వా ఇచ్చుకున్నాను.

1983 ఎండాకాలం. పట్వారీ కొడుకు కచేరీకి వచ్చాడు. ఆ ఇనాం భూమి తమదని చూపించుకోవడానికి వాళ్ళకు కాగితం కావాలి. పెద్ద గుమాస్తా నన్ను పిలిచి, "రెండు వరసలు, అమీర్ అలీ. కన్ను జారిందనుకో. గా ఉర్దూ మళ్ల ఎవడు సదువుతడు?" అన్నాడు. అప్పటికి మీ నాన్న పోయి ఏడాది. మీ అమ్మ నిన్ను వేలు పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. బాలికల హాస్టల్లో వంటమనిషి ఉద్యోగం ఖాళీ ఉంది. ఆ ఉద్యోగం ఇచ్చే చేతులు పట్వారీ కొడుకును ఎరిగిన చేతులు. నేను వరసలు వదిలాను. పదిహేను రోజులకు మీ అమ్మ షహర్ బానుకు ఉత్తర్వు వచ్చింది.

మరుసటి ఏడు పట్వారీల వ్యవస్థే పోయింది. కాగితం మాత్రం నిలిచింది. ఆ నకలు చూపించి సత్తయ్య భార్యను ఆ మడి నుంచి లేపారు. నేను కచేరీ కిటికీలోంచి చూశాను. ముసలామె బయట మెట్ల మీద నాలుగు రోజులు కూర్చుంది, పక్కన పెంటమ్మ. ఐదోరోజు రాలేదు.

నీకు చెప్పకూడదనే అనుకున్నాను. నువ్వు ఆ అన్నం తినే పెరిగావు.

అమీర్ అలీ

* * *

కడప,
14 అక్టోబరు 2011

మామూజాన్‌కు,

మీ ఆఖరి వాక్యం నాకు నచ్చలేదు. ఆ అన్నం ముద్ద నా నోట్లో పెట్టింది మీరు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత అదెక్కడిదో చెప్పి, నన్ను కూడా పంక్తిలో కూర్చోబెట్టాలనా? మా అమ్మ ఆ హాస్టల్లో పొయ్యి ముందు కళ్ళు పోగొట్టుకుంది. ఆమె వెనక దాక్కోకండి. గుమాస్తా అడిగాడు, మీరు చేశారు. అక్కడితో ఆపండి.

అడగడానికి అమ్మ లేదు. ఆమెకు తెలుసా? ఆ ఒక్కటీ నిజం చెప్పండి. తెలిసి కూడా నోరు మూసుకుని వండిందా?

సమీక్ష నుంచి తప్పుకున్నాను. కారణం "వ్యాసంలోని మూలంతో సమీక్షకురాలికి బంధుత్వం" అని రాశాను. సిద్దిరాములు గారికి అందరి ముందూ క్షమాపణ చెప్పాను. ఆయన "పరవాలేదు మేడమ్" అన్నాడు. ఆ మాట నాకు చెంపదెబ్బకన్నా ఎక్కువైంది.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, మీ ఉత్తరం మూలంగా పనికిరాదు. ఒక మనిషి తన మేనకోడలికి రాసుకున్న ఉత్తరాన్ని ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అసలు పంచనామా కావాలి. అది చెదలు తిన్నదని మీరు రాశారు. అదీ నిజమేనా?

నిఖత్

* * *

మేడ్చల్,
20 నవంబరు 2011

నిఖత్‌కు,

మీ అమ్మకు తెలియదు. ఖురాన్ మీద ప్రమాణం. ఉద్యోగం వచ్చిందని ఆమె ఆ రోజు మీఠా అన్నం వండి వాడకట్టంతా పంచింది. నేను కడుపునొప్పి అని తినలేదు.

చెదలు తినలేదు. అది నా అబద్ధం.

సమ్మె ముగిశాక సిద్దిరాములు నన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయి, సన్నటి మనిషి. కోపంగా వస్తాడనుకున్నాను. నీళ్ళు తాగి, నకలు బల్ల మీద పెట్టి, "సారూ, మీ సంతకం జూసే నమ్మిన" అన్నాడు. అంతే. జరిగింది చెప్పాను. నువ్వు చెప్పినట్టే, మీ అమ్మ మాట లేకుండా చెప్పాను. అతను నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "ఆర్చి మీద రాసిన మాటలు నేను రాసినయే సారూ. మా తాతది గా చెరువు కిందనే మడి. సత్తయ్య సంగతి మా తాత చెప్పెటోడు. నేనే గది ఊరి పుకారని, కాగితమే సత్యమని అనుకున్న" అన్నాడు. నా వల్ల అతను తన తాతను అబద్ధాలకోరు అనుకున్నాడు. ఇది నా లెక్కలో లేని పాపం.

ఇద్దరం రికార్డు గదికి వెళ్ళాం. రేచల్ అని అక్కడ పనిచేసే అమ్మాయి, ముక్కుకు చున్నీ కట్టుకుని రెండు రోజులు బస్తాలు విప్పించింది. మూడోరోజు దొరికింది. అంచులు పొడి అయ్యాయి, మధ్య భాగం బాగుంది. రేచల్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "గీ గీతలు మాకెవరికీ రావు సారూ. మీరే సదివి రాసియ్యిండ్రి, మా సారు సంతకం పెడతడు" అంది.

చూశావా! ముప్పై ఏళ్ళ తర్వాత కూడా నా నోటి మాటే నకలవుతుంది. వద్దన్నాను. అల్వాల్‌లో తాహా సాబ్ ఉన్నాడు, ఉర్దూ బడిలో పనిచేసి మానుకున్నాడు. ఆయన్ను పిలిపించమన్నాను. ఏమీ చెప్పవద్దని, నకలు చూపించవద్దని సిద్దిరాములుతో ఒట్టు వేయించుకున్నాను. తాహా సాబ్ భూతద్దం పెట్టి చదువుతుంటే రేచల్ రాసుకుంది. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. "అతడు రాలేదు" అన్నాడు. "నీరడి సత్తయ్య వల్ద్ ముత్తయ్య" అన్నాడు. మొత్తం అయ్యాక పాత నకలు పక్కన పెట్టి పోల్చి, "అమీర్ భాయ్, గిందుల రెండు వరసలు లెవ్వేంది?" అని అడిగాడు.

"నేనే ఇడిసిన" అన్నాను.

తాహా సాబ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాతో నలభై ఏళ్ళ స్నేహం. బయటికి వచ్చాక నాకు సలాం చేయకుండా ఆటో ఎక్కాడు.

కొత్త నకలు ముద్రతో, సంతకంతో సిద్దిరాములు దగ్గర ఉంది.

అమీర్ అలీ

* * *

కడప,
9 డిసెంబరు 2011

మామూజాన్‌కు,

వ్యాసం మారింది. సిద్దిరాములు గారే మార్చారు. పదమూడో మూలం తీసేసి కొత్త నకలు పెట్టారు, దాని పక్కన అసలు కాగితం ఫొటో. వేరే ఒకాయన సమీక్ష చేసి సరే అన్నాడు. ఇప్పుడు ఆ పేజీలో సత్తయ్య పేరుంది.

మీకు తెలిసే ఉంటుంది, ఆర్చి ప్రారంభం ఆగలేదు. సిద్దిరాములు గారు కొత్త నకలు తీసుకెళ్ళి చూపిస్తే, "పెయింటింగ్ అయిపాయె, వచ్చే ఏడు సూద్దాం" అన్నారట కమిటీ వాళ్ళు. ఫొటో పంపారు. జానకిరామయ్య అని బంగారు రంగులో. పైన పూలదండలు.

మీ మీద కోపం పోయిందని రాయలేను. మొన్న సనా "మామూతాతకు ఉత్తరం రాయనా?" అని అడిగితే వద్దన్నాను. ఎన్నాళ్ళు వద్దంటానో తెలియదు. ఖురాన్ మీద ప్రమాణం చేశారు కాబట్టి అమ్మ విషయం నమ్ముతున్నాను. ఆ రాత మీదే కాబట్టి మళ్ళీ అనుమానం వస్తుంది. మీరు నాకు చేసింది ఇదీ.

రికార్డు గదిలో ఒప్పుకున్నారు, సిద్దిరాములు గారి ముందు ఒప్పుకున్నారు, నా ముందు ఒప్పుకున్నారు. మేమెవరం? మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో ఒకరు ఇంకా ఉన్నారు. ఆవిడ దగ్గరికి వెళ్ళారా?

నిఖత్

* * *

మేడ్చల్,
8 జనవరి 2012

నిఖత్‌కు,

వెళ్ళాను.

పెంటమ్మ ఇప్పుడు ఎర్రకత్వలో లేదు. గాజులరామారంలో కూతురి దగ్గర ఒక గదిలో ఉంటోంది. కూతురు జీడిమెట్లలో కంపెనీకి పోతుంది. సిద్దిరాములు మోటారు సైకిల్ మీద తీసుకెళ్ళాడు. నా మోకాళ్ళకు అది నరకం. దారిలో రెండుసార్లు ఆపించి వెనక్కి పోదామందామనుకున్నాను, అతని వీపు చూసి అనలేదు.

పెంటమ్మకు డెబ్బై ఆరు. నాకన్నా ఒంట్లో గట్టిగా ఉంది. వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నేను పేరు చెప్పాను, కచేరీ పేరు చెప్పాను. చాట కింద పెట్టలేదు.

"ఎరికే" అంది. "కిటికీల కూసుందువు. మా అవ్వ నిన్ను సూపిచ్చి, గా తుర్కాయన మంచోడు లెక్క ఉన్నడు బిడ్డా, పోయి అడుగుదామా అనేది. నువ్వు లేసి లోపలికి పోతివి."

అది నాకు గుర్తు లేదు, బేటీ. నాలుగు రోజులు కూర్చున్నారని గుర్తుంది. లేచి లోపలికి వెళ్ళానని గుర్తు లేదు.

చెప్పాల్సింది చెప్పాను. ఎవరు అడిగారో చెప్పాను, ఎందుకు చేశానో అడిగితే, "చేసిన, గంతే" అన్నాను. మాఫ్ చేయమని అడుగుదామని ఇంటి దగ్గర మాటలు కూర్చుకుని వెళ్ళాను. ఆమె ముఖం చూశాక అవి అడగడం ఇంకో వరస మింగడంలాగే అనిపించింది. అడగలేదు.

సిద్దిరాములు కొత్త నకలు తీసి చదివాడు. "అతడు రాలేదు" దగ్గర ఆమె చెయ్యి ఆగింది. తండ్రి పేరు, తాత పేరు వచ్చినప్పుడు "మళ్ల సదువు" అంది. మళ్ళీ చదివాడు. మూడోసారి కూడా చదివించుకుంది. ఏడవలేదు. చాటలో రాళ్ళు ఏరి పక్కన వేసింది.

"మడి సంగతి వకీలుతో మాట్లాడదామా అమ్మా?" అన్నాడు సిద్దిరాములు. "మడి మీదే, నేను తిరుగుత."

"తిరుగుతే తిరుగు. గిప్పుడు గాడ గేటు పెట్టిండ్రంట గద. మా అవ్వ పోయినంక నేను గా దిక్కు పోలే." చాటను ఒకసారి ఎగరేసి, "నెట్టుల రాసినవు గద, ఇంకో ముచ్చట రాయి. మా నాయిన ఈతగాడు. మునిగి సచ్చిండంటే ఈత రాకనే సచ్చిండనుకుంటరు. గట్ల కాదు. కాలు తూముల ఇరికింది. బయటికి తీసేటప్పుడు నేను కట్ట మీదనే ఉన్న, మా అవ్వ కొంగు పట్టుకొని. కాలు ఒక్కటే ఇరికింది. చేతులు రెండు పైకే ఉన్నయి."

సిద్దిరాములు నా వైపు చూశాడు. పంచనామాలో ఆ మాట లేదు. నువ్వు ఉంటే మూలం ఏదని అడిగేదానివి, అడగాలి కూడా. అతను సంచీలోంచి తెల్లకాగితం తీసి, ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాశాడు. ఈ వాంగ్మూలాన్ని వాళ్ళ కాలేజీ సంచికలో అచ్చు వేయిస్తానన్నాడు. చదివి వినిపించాడు. పెంటమ్మ వేలిముద్ర వేసి, ఇంకు చీరకు తుడుచుకుంది.

"సాక్షి సంతకం కావాలె సారూ" అని కాగితం నా వైపు తిప్పాడు.

నేను కలం తీయలేదు. నా సంతకం పడితే ఈ కాగితం కూడా చెడుతుందని చెప్పాను. పక్కింటివాళ్ళను ఎవరినైనా పిలవమన్నాను. నా మాట పూర్తి కాకముందే పెంటమ్మ చాట కింద పెట్టింది. వచ్చినప్పటి నుంచి అదే మొదటిసారి.

"గప్పుడు ఎవరన్నా పెట్టుమంటె పెడితివి. గిప్పుడు నేను పెట్టుమంటున్న. ఎందుకు పెట్టవు? పెట్టు."

పెట్టాను.

ఆమె కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా, నా సంతకం వైపు చాలాసేపు చూసింది. తర్వాత సిద్దిరాములుకు ఇచ్చి మళ్ళీ బియ్యం చెరగడం మొదలుపెట్టింది. మమ్మల్ని కూర్చోమనలేదు.

అమీర్ అలీ